రెండు రిఫరెన్సుల కోసం నాలుగు నెలలు

2024 నవంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, బెంగళూరు మారతహళ్ళిలో మా అద్దె ఇంట్లో కూర్చుని దుబాయ్‌లోని ఒక బ్రిటిష్ కరిక్యులం స్కూలుకి అప్లికేషన్ నింపుతున్నాను. ఇంగ్లిష్ టీచర్ పోస్టు. ఎస్వీ యూనివర్సిటీ ఎంఏ, బీఎడ్, హైదరాబాద్ ఇఫ్లూ యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో చేసిన పీజీసీటీఈ (ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్), పదకొండేళ్ళ అనుభవం, అన్నీ వరసగా ఎక్కించాను. పాస్‌పోర్టు స్కాన్ కూడా పెట్టేశాను. ఇక ఒక్క పేజీ మిగిలింది. ఇద్దరు రిఫరీల, అంటే నా పని గురించి చెప్పగలిగేవాళ్ళ పేర్లు, హోదా, మీతో సంబంధం, ఫోన్, సంస్థ ఈమెయిల్. మదనపల్లెలో నేను మొదట పనిచేసిన స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్ జీమెయిల్ అడ్రస్ కొట్టాను. ఫారం తీసుకోలేదు. మళ్ళీ కొట్టాను. ‘వ్యక్తిగత ఈమెయిల్ చెల్లదు’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

అక్కడ ఆగిన అప్లికేషన్ పూర్తిగా కదలడానికి నాలుగు నెలలు పట్టింది. డిగ్రీలు నా చేతిలో ఉన్నాయి. పరీక్ష ఏదైనా ఉంటే రాత్రుళ్ళు కూర్చుని చదువుకుంటాను. కానీ ఈ ఒక్కటి మాత్రం నేను చేయగలిగేది కాదు. నా గురించి ఇంకొకరు, అదీ నా క్లాసు చూసినవాళ్ళు, వాళ్ళ పేరు పెట్టి చెప్పాలి. మన దగ్గర టీచర్లకి ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అంతకు ముందు ఏడాది అంతా వేరే దారుల్లో తిరిగాను. ‘విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్లు కావలెను’ అన్న ప్రకటనల్లో చాలావాటికి మన పాస్‌పోర్టుతో పని జరగదు. దక్షిణ కొరియా ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల వాళ్ళకే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందంలో ఇంగ్లిష్ డిగ్రీ, టీచర్ అర్హత ఉన్న మనవాళ్ళకి సహాయ టీచర్లుగా ఒక చిన్న తలుపు తెరిచారు గానీ, నాకు ఆ తలుపు దొరకలేదు. నేను చూసిన చోటల్లా మాత్రం ఒక విషయం మారలేదు. కొరియా ప్రభుత్వ బడుల ఈపిక్ పథకం కానీ, జపాన్ 1987 నుంచి నడుపుతున్న జెట్ కానీ, గల్ఫ్ స్కూళ్ళు కానీ, ప్రతిచోటా రిఫరెన్సులు అడుగుతారు. ఇంటివాళ్ళు, స్నేహితులు రాసినవి పనికిరావు. పై అధికారి కానీ చదువు చెప్పిన ప్రొఫెసర్ కానీ రాయాలి.

నా దగ్గర లెటర్లు లేక కాదు. మదనపల్లె స్కూలు వదిలినప్పుడు ఇచ్చిన ఉత్తరం ఉంది. ఒకే పేరా. ‘టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్’ అని పైన, కింద నేను 2013 జూన్ నుంచి 2018 ఏప్రిల్ వరకు పనిచేశానని, సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియంట్ అని, నడవడి మంచిదని, భవిష్యత్తు బాగుండాలని. గుండ్రటి స్టాంపు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో ఆరేళ్ళు భద్రంగా దాచుకున్నాను. ఫారం జీమెయిల్ తీసుకోకపోయేసరికి ఆ ఉత్తరమే స్కాన్ చేసి పంపాను. మూడు రోజులకి జవాబు వచ్చింది. ఫలానావాళ్ళకి అని లేకుండా రాసిన ఓపెన్ రిఫరెన్సులు తీసుకోం అని, అభ్యర్థి చేతి మీదుగా వచ్చేవీ తీసుకోం అని, ఫారం తామే నేరుగా రిఫరీకి పంపుతామని మర్యాదగానే రాశారు.

మొదట మనసుకి కష్టంగా అనిపించింది. స్టాంపు వేసి ఇచ్చిన కాగితాన్ని నమ్మకపోవడమేంటి అనుకున్నాను. కారణం చదివాక నా ఆలోచన మారింది. ఇంగ్లండ్ విద్యాశాఖ ‘కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్’ అని మార్గదర్శకాలు ఇస్తుంది. ఓపెన్ రిఫరెన్సు మీద ఆధారపడొద్దు, రిఫరెన్సు తెచ్చే పని అభ్యర్థికి వదిలేయొద్దు, ఇప్పటి యజమాని నుంచి, అధికారం ఉన్న పెద్ద హోదా మనిషి నుంచి తీసుకోండి, ఈమెయిల్లో వస్తే నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందా చూసుకోండి అని అందులో ఉంది. బయటి దేశాల్లోని బ్రిటిష్ స్కూళ్ళు చాలావరకు ఇదే పద్ధతి పాటిస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలో 1969లోనే పిల్లల విషయంలో శిక్షపడిన ఒక మనిషి ఆ తర్వాత దశాబ్దాలపాటు దేశం మార్చి దేశం అంతర్జాతీయ బడుల్లో పాఠాలు చెప్పాడని, ఎందరో పిల్లల్ని పాడుచేశాడని 2014లో బయటపడింది. ఆ ఏడాదే అంతర్జాతీయ స్కూళ్ళ సంఘాలు కలిసి పిల్లల రక్షణ కోసం ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు ఏడేళ్ళ పాప ఉంది. దాని స్కూల్లో కొత్తగా చేరే టీచర్ గురించి ఎవరైనా ఇంతగా ఆరా తీస్తే నేను దణ్ణం పెడతాను. నా విషయంలో అదే ఆరా తీస్తుంటే బాధపడటం తప్పని అప్పుడు అనిపించింది.

సరే, ఎవరిని అడగాలి? ఒకరు ఇప్పటి స్కూలు హెడ్. రెండోది అంతకు ముందు స్కూలు.

ఇప్పటి స్కూలు అంటేనే టెన్షన్. వైట్‌ఫీల్డ్ వైపు ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో ఆరేళ్ళుగా చేస్తున్నాను. అక్కడ పద్ధతి ఏంటంటే, ఎవరైనా వెళ్ళిపోతారని తెలిస్తే మరుసటి వారం నుంచే టైంటేబుల్లో పెద్ద క్లాసులు తీసేస్తారు. నా కళ్ళెదుటే ఇద్దరికి జరిగింది. ఒక అక్కకి పదో తరగతి తీసేసి లైబ్రరీ పీరియడ్లు వేశారు. ఆవిడకి ఆ ఉద్యోగం రాలేదు, ఇక్కడ పరువూ నిలవలేదు. ఆఫీసులో మెల్లగా వాకబు చేస్తే, ‘మేము ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తప్ప ఇంకేమీ ఇవ్వం, అది కూడా రిజైన్ చేశాకే’ అన్నారు. రిజైన్ చేస్తే గానీ కాగితం ఇవ్వరు, కాగితం ఉంటే గానీ ఉద్యోగం రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ దిగులులో ఉన్నప్పుడే ఒక ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. తెలిసినవాళ్ళ ద్వారానే. చిన్న గది, గోడ నిండా విమానాల బొమ్మలు. నా ఫైలు తిరగేసి, ‘రిఫరెన్సులదేముంది మేడమ్, ఎనిమిది వేలు ఇవ్వండి, లెటర్‌హెడ్, ఈమెయిల్, ఫోన్ ఎత్తే మనిషి, అన్నీ మేమే చూసుకుంటాం’ అన్నాడు. తెలుగువాడే, చిత్తూరు వైపు యాస. ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, ఆయన ఒకే మాట అడిగారు. ‘రేపు ఆ స్కూల్లో నీ పక్క గదిలో చేరే మనిషి కూడా ఇలా ఎనిమిది వేలు ఇచ్చి వచ్చుంటే?’ అని. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. తర్వాత తెలిసింది, విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంట్లు 1983 వలస చట్టం కింద రిజిస్టరై ఉండాలి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో పేరు వెతికి చూసుకోవచ్చు, తీసుకోదగిన ఫీజు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఆ గది పేరు అక్కడ లేదు.

డిసెంబర్ రెండో శనివారం పొద్దున్నే కేఆర్ పురంలో బస్సెక్కి, చింతామణి మీదుగా మదనపల్లె వెళ్ళాను. ఠాగూర్ 1919లో జనగణమనని ఇంగ్లిష్ చేసిన ఊరు మాది. ఇంగ్లిష్ టీచర్నయ్యాక ఆ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. మా పాత ప్రిన్సిపాల్ మేడమ్ రిటైరై నాలుగేళ్ళయింది. సొసైటీ కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పి. నన్ను చూడగానే, ‘ఏమ్మా, చిక్కిపోయినావే’ అన్నారు. కాఫీ తాగాక విషయం చెప్పాను.

ఆవిడ అందరిలాగే, ‘నువ్వే రాసుకుని తెచ్చుంటే సంతకం పెట్టేదాన్ని కదమ్మా’ అంటారనుకున్నాను. మన దగ్గర మామూలుగా జరిగేది అదే. నిజానికి ఒక డ్రాఫ్టు రాసి బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. ఆవిడ అది అడగలేదు. లోపలికి వెళ్ళి, అట్ట ఊడిపోయి దారంతో కట్టిన పొడుగు నోటుబుక్కులు నాలుగు తెచ్చారు. ఆవిడ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు టర్ముకి రెండుసార్లు చెప్పకుండా వచ్చి క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవారు. ఒళ్ళో ఈ నోటుబుక్కు. మాకు ఆ రోజంతా చేతులు వణికేవి. ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయని నాకు తెలియదు.

కళ్ళజోడు సవరించుకుంటూ పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టారు. 2016 జులై 21, తొమ్మిది బి, నాలుగో పీరియడ్. ఆకుపచ్చ ఇంకు. ఆ రోజు నేను సింపుల్ ప్రెజెంట్ చెబుతున్నాను. పుస్తకంలో ఉన్న వాక్యాలు వదిలేసి, మన టమాటా మార్కెట్‌లో పొద్దున నుంచి ఏం జరుగుతుందో చెప్పండని పిల్లల్ని అడిగాను. సగం మంది ఇళ్ళు ఆ మార్కెట్ మీదే బతుకుతాయి. మేడమ్ రాసుకున్నది ఇలా ఉంది: ‘నలభై నిమిషాల్లో టీచర్ మాట్లాడింది పన్నెండు నిమిషాలు. చివరి బెంచీ అబ్బాయి, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి మై ఫాదర్ గో ఎట్ ఫోర్ అన్నాడు. టీచర్ తప్పని అనలేదు. ఓ, హీ గోస్ ఎట్ ఫోర్? ఇన్ ద డార్క్? అని అడిగింది. అబ్బాయి, ఎస్ మేడమ్, హీ గోస్ ఇన్ ద డార్క్ అన్నాడు. క్లాసు నవ్వలేదు, విన్నది.’ దాని కింద గీత గీసి ఇంకో మాట: ‘బోర్డు మీద అక్షరాలు చిన్నవి. వెనక బెంచీకి కనబడటం లేదు. చెప్పాలి.’

చదువుతుంటే నా కళ్ళు మసకబారాయి. ఆ అబ్బాయి ముఖం గుర్తుంది. ఆ వాక్యం గుర్తులేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పీరియడ్‌లో నేను చేసిన పనిని ఇంకొకరు ఇంత జాగ్రత్తగా చూసి, రాసి, దాచిపెట్టారు.

‘ఇదే రాస్తానమ్మా’ అన్నారు మేడమ్. ‘సిన్సియర్, ఒబీడియంట్ అని నేను ఎన్ని వందల మందికి రాసుంటానో. అవన్నీ ఒకటే ఉత్తరం. వాళ్ళకి కావలసింది నువ్వు క్లాసులో ఏం చేస్తావో కదా.’

‘బోర్డు సంగతి కూడా రాస్తారా మేడమ్?’ అని అడిగాను.

‘రాస్తాను. మరుసటి టర్ముకి సరిచేసుకున్నావు, అదీ ఉంది ఇందులో. లోపం ఒక్కటి కూడా లేదంటే మిగతాది ఎవరు నమ్ముతారు?’

నా డ్రాఫ్టు బ్యాగులోంచి తియ్యలేదు. దానికి బదులు ఒక తెల్లకాగితం మీద నేను ఏ ఏడాది ఏ తరగతులు చెప్పానో, పదో తరగతికి ఎన్ని బ్యాచ్‌లు పంపానో, ఇప్పుడు వేస్తున్న ఉద్యోగంలో ఏం చెయ్యాలో రాసిచ్చాను. రాసేవాళ్ళకి ఇవ్వాల్సింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. తేదీలు, తరగతులు, ఉద్యోగ ప్రకటన కాపీ. మాటలు వాళ్ళవే ఉండాలి. రెండు ఉత్తరాలూ నేనే రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తే, చదివేవాళ్ళకి అది ఒకే చేతి రాతని తెలిసిపోతుంది.

ఈమెయిల్ చిక్కు మాత్రం అలాగే ఉంది. రిటైరైన మనిషికి స్కూలు ఐడీ ఎక్కడిది? దుబాయ్ స్కూలు హెచ్‌ఆర్‌కి ఉన్నదున్నట్టు ముందే రాశాను. నన్ను పర్యవేక్షించిన ప్రిన్సిపాల్ రిటైరయ్యారు, ఇప్పుడున్న ప్రిన్సిపాల్‌కి నా పని తెలియదు, రికార్డులు మాత్రం ఆయన దగ్గర ఉన్నాయి, ఏం చెయ్యమంటారని. దానికి వాళ్ళే దారి చూపారు. ఇప్పటి ప్రిన్సిపాల్ స్కూలు ఈమెయిల్ నుంచి నా తేదీలు, ఆ కాలంలో మేడమ్ ప్రిన్సిపాల్‌గా ఉన్నారన్న సంగతి ధ్రువీకరించాలి, మేడమ్‌కి ఫారం విడిగా పంపుతారు. దాచిపెట్టి ఉంటే అనుమానం వచ్చేది. చెప్పాను కాబట్టి అది మామూలు సమస్య అయింది.

ఆ ఫారం నేను పూర్తిగా చూడలేదు కానీ, పిల్లల రక్షణ గురించి అందులో సూటిగా అడిగిన ప్రశ్న మేడమ్ ఫోన్లో చదివి వినిపించారు. ఈ వ్యక్తి పిల్లలతో పనిచేయకూడదనడానికి మీకు తెలిసిన కారణం ఏదైనా ఉందా? క్రమశిక్షణ చర్య ఏదైనా జరిగిందా? మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటారా? మన స్కూళ్ళలో ఇలాంటివి ఎవరూ అడగరు. అందుకే ఆ గడిని ఖాళీగా వదిలేసేవాళ్ళు ఉంటారు. ఖాళీగా ఉంటే వాళ్ళు దాన్ని వేరేగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. రిఫరీకి ఈ ప్రశ్న వస్తుందని ముందే చెప్పి ఉంచడం మంచిది. లింకు వచ్చిందా లేదా అని కూడా అడగాలి. మేడమ్‌కి వచ్చిన లింకు తొమ్మిది రోజులు స్పామ్‌లో పడి ఉంది.

జనవరిలో ఇంకో దెబ్బ. నేను ఇచ్చిన నంబరుకి కాకుండా, స్కూలు వెబ్‌సైట్లో ఉన్న ల్యాండ్‌లైన్‌కి దుబాయ్ నుంచి ఫోన్ చేశారు. అది కూడా పద్ధతే. అభ్యర్థి ఇచ్చిన నంబరు అభ్యర్థి చుట్టాలది కావచ్చు కదా. ఆఫీసులో కొత్తగా చేరిన క్లర్కు ఎత్తి, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని పెట్టేశాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, 2018లో వెళ్ళినదాన్ని. నాకు హెచ్‌ఆర్ నుంచి ‘ధ్రువీకరణ కాలేదు’ అని మెయిల్ వచ్చేసరికి గుండెల్లో రాయి పడింది. స్కూలుకి ఫోన్ చేసి, ప్రిన్సిపాల్ సర్‌ని బతిమాలి, సర్వీసు రిజిస్టరులో నా పేజీ తీయించి, ఫోన్ వస్తే ఎవరికి ఇవ్వాలో చెప్పించాను. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. వాళ్ళ ఆఫీసు మొదలయ్యే వేళకి మన దగ్గర ఇంటర్వెల్ గంట కొడుతుంటుంది, ఆఫీసు గదిలో ఎవరూ కూర్చోరు. ఆ సంగతి కూడా వాళ్ళకి రాసి, మధ్యాహ్నం రెండున్నర తర్వాత చెయ్యమన్నాను. రెండోసారి కుదిరింది.

ఫిబ్రవరి మొదట్లో ఇంటర్వ్యూ, డెమో క్లాసు వీడియోలో అయ్యాయి. అవి నాకు కష్టమనిపించలేదు. నా దిగులంతా ఇప్పటి స్కూలు రిఫరెన్సు గురించే. అప్లికేషన్లో ఒక గడి ఉంటుంది, ‘ఇప్పటి యజమానిని ఇంటర్వ్యూకి ముందే సంప్రదించవచ్చా’ అని. నేను ‘వద్దు’ అని టిక్కు పెట్టి, కారణం ఒక వాక్యంలో రాశాను. వాళ్ళు ఒప్పుకున్నారు, కానీ ఆఫర్ షరతుతో వచ్చింది. ఇప్పటి హెడ్ రిఫరెన్సు రాకపోతే ఆఫర్ చెల్లదు. దాన్ని తప్పించుకునే దారి లేదు.

ఆ వారాల్లోనే మిగతా కాగితాలు కూడా నడిచాయి. పాస్‌పోర్ట్ సేవాలో పోలీస్ క్లియరెన్స్‌కి 500 రూపాయలు కట్టాను. ఒకే ముద్రతో పత్రాలు వేరే దేశాల్లో చెల్లేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు కాబట్టి డిగ్రీకి రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఆ తర్వాత వాళ్ళ ఎంబసీ ముద్రలు కావాలి. తిరుగుడు ఎక్కువే గానీ, కౌంటరులో కాగితం ఇస్తే ముద్ర పడుతుంది. మనిషి మనసు కౌంటరు కాదు కదా.

ఫిబ్రవరి 20, గురువారం, చివరి పీరియడ్ అయ్యాక ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. ఆవిడ కన్నడిగులు, మేమిద్దరం ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటాం. ఆఫర్ లెటర్ బల్ల మీద పెట్టి, దాచకుండా చెప్పాను. మూడు నెలల నోటీసు పూర్తిగా చేస్తానని, పదో తరగతి బోర్డు పరీక్షలు అయ్యేదాకా ఒక్క రోజు సెలవు పెట్టనని, నా స్థానంలో వచ్చేవాళ్ళకి పాఠ్య ప్రణాళికలన్నీ ఇచ్చి వెళ్తానని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. ఫ్యాన్ చప్పుడు వినబడుతోంది. తర్వాత, ‘ఎన్నాళ్ళుగా ప్రయత్నిస్తున్నారు?’ అని అడిగారు. నవంబర్ నుంచి అన్నాను. ‘నాకు ముందే చెప్పాల్సింది’ అన్నారు. ఆ అక్కకి లైబ్రరీ పీరియడ్లు వేసిన సంగతి గుర్తు చెయ్యాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. ‘భయపడ్డాను మేడమ్’ అన్నాను. ఆవిడ తల పక్కకి తిప్పుకున్నారు.

మరుసటి సోమవారం లంచ్ బ్రేక్‌లో ప్యూన్ వచ్చి, మేడమ్ పిలుస్తున్నారని చెప్పాడు. వెళ్తే తలుపు వేసి ఉంది. బయట బల్ల మీద కూర్చున్నాను. అద్దంలోంచి కనబడుతోంది, ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని టైప్ చేస్తున్నారు. మధ్యలో ఆగి, బీరువాలోంచి నా ఫైలు తీసి, ఏదో చూసి, మళ్ళీ టైప్ చేశారు. ఇరవై నిమిషాలు. బెల్లు కొట్టారు, ఎనిమిదో తరగతి పిల్లలు లైనుగా నా ముందు నుంచి వెళ్ళారు. చివరికి తలుపు తీసి, ‘పంపించాను’ అన్నారు. ‘ఏడో పీరియడ్ మీదే కదా, వెళ్ళండి’ అన్నారు. నా పెద్ద క్లాసులు తీసెయ్యలేదు.

ఆఫర్ ఖాయమైందని మార్చి 6న మెయిల్ వచ్చింది. రిఫరెన్సులు రహస్యం కాబట్టి ఆవిడ ఆ ఇరవై నిమిషాల్లో నా గురించి ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.